ఉప్పు చూసే మనిషి

దులూత్‌లో జూలైని నమ్మలేం.
పొద్దున ఎండ కాస్తుంది. పదింటికల్లా సరస్సు మీంచి పొగమంచు
బాకీ వసూలుకొచ్చినవాడిలా వచ్చి నిలబడుతుంది.
అయినా బయల్దేరాం నలుగురం
ఐలి పాత వ్యానులో,
సీటు కింద దొర్లుతున్న నీళ్ళసీసా చప్పుడుతో.

రేవు పక్క మైదానంలో ముప్పైరెండు తిండి బళ్ళు.
బండికో కిటికీ, కిటికీలో ఓ చెమట ముఖం,
జనరేటర్ల రొద, మాడుతున్న ఉల్లిపాయలు,
గాలికెగిరి సీగల్ పక్షుల పాలయ్యే కాగితం పళ్ళేలు.

మా పద్ధతి పాతదే: ఒక పళ్ళెం, నాలుగు ఫోర్కులు.
బడి వంటింట్లో ఇరవైమూడేళ్ళు
రోజూ ఆరువందలమంది పిల్లలకి వండి
మేం తిన్నది అలాగే, నిలబడి, ఒకే గిన్నెలోంచి.
అక్కడ ఉప్పు చూసేవాడు ఆర్డెల్.
గరిటె చివరి చుక్క అరచేతిలో వేసుకుని
నాకి, కళ్ళు మూసి
"ఇంకో చిటికెడు" అన్నాడంటే ఇంకో చిటికెడే.
ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

మొన్న చలికాలం అతనికి జ్వరం వచ్చి పోయింది.
పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది,
దాని కొంగు పట్టుకుని రుచీ పోయింది.
రొట్టె మాడితే అలారం మోగేదాకా తెలియలేదట.
ఇవాళ రానన్నాడు.
టికెట్టు కొనేశామని అబద్ధమాడి లాక్కొచ్చాం.
ఇక్కడ టికెట్టే లేదు.

మొదటి బండి, పొగబెట్టిన చేప.
నమిలాడు. "దూది" అన్నాడు.
ఐలి ఏడాదికి సరిపడా మాటలు లెక్కపెట్టి వాడే మనిషి.
చాలాసేపు ఆలోచించి
"పొగ ఉంది. మా నాన్న స్వెటర్‌లో ఉండేది" అంది.
ఆర్డెల్ ఇంకో ముక్క తీసుకుని
ఈసారి నెమ్మదిగా నమిలాడు.

రెండోది పాకూ వాళ్ళ పిన్నికొడుకు బండి, పంది సాసేజ్.
"నిమ్మగడ్డి. ముందు చల్లగా,
తర్వాత నాలిక అంచున సూదితో గీసినట్టు."
"ఎడమ అంచునా, కుడి అంచునా?"
"రెండు పక్కలా, ముసలోడా, తిను."

నా వంతుకి నూనెలో వేయించిన రొట్టె, పైన బెర్రీపళ్ళు.
తియ్యగా ఉందన్నాను.
"లొరేటా, అది నిజమే గానీ దేనికీ పనికిరాదు."
సిగ్గేసింది. మళ్ళీ తిని చెప్పాను:
పొయ్యి కట్టేశాక, మనం ఏప్రన్లు విప్పుతూ
ఇంకా వెచ్చగా ఉన్న ఇనప పలక మీద
ఊరికే చెయ్యి ఆనిస్తామే, అది.
"ఆఁ" అన్నాడు. ఇంకేం అనలేదు.

మిరపకాయల బొమ్మలున్న బండి దగ్గర
ఒకటి నుంచి అయిదు దాకా బొమ్మలు.
అయిదు కావాలన్నాడు.
కుర్రాడు అతని నెరిసిన కనుబొమలు చూసి నసిగాడు.
పెట్టాడు.
రెండు నిమిషాల్లో ఆర్డెల్ ముఖం ఫైరింజను రంగు,
ముక్కు ధార, కళ్ళు ధార,
బల్ల గుద్ది అరిచాడు: "ఉంది! ఏదో ఉంది!"
పక్క బల్లమీది పసిపిల్ల ఏడుపందుకుంది.

తుడుచుకున్నాక మెల్లగా అన్నాడు:
"ఇది రుచి కాదు, తెలుసు నాకు.
ఎవరో తలుపు తడుతున్నట్టుంది.
లోపల మనుషుల్లేరు.
అయినా తట్టారు కదా."

పొగమంచు ముదిరింది. ఎక్కడో ఓడ కూత వేసింది,
కనపడని వంతెన కనపడకుండానే పైకి లేచింది.
చివరి బండిలో ఒంటరిగా ఓ పిల్ల,
అడవి బియ్యం సూపు, మొదటి ఏడాది వ్యాపారం.
మేం వంటవాళ్ళమని పాకూ నోరుజారింది.
వెంటనే గరిటె కిటికీ దాటి బయటికొచ్చింది:
"ఉప్పు చూసి చెప్తారా?"

మేం ముగ్గురం నేల చూశాం.
అతను అరచెయ్యి చాపాడు. చుక్క పడింది.
నాకాడు. కళ్ళు మూశాడు.
తర్వాత ఒక కన్ను, ఒక్కటే, సన్నగా తెరిచి
అప్పటికే మూతి అంచుకంటిన సూపు రుచి చూసిన
పాకూ వైపు చూశాడు.
పాకూ వేళ్ళు నడుం దగ్గర
దేన్నో చిదిమినట్టు కదిలాయి.

"ఇంకో చిటికెడు" అన్నాడు ఆర్డెల్.

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు.